కోవా బాండీ కన్న ముందు లెక్క పుస్తకం

(పాల సంఘాల మహిళా సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పాలకోవా, నెయ్యి తయారుచేసి అమ్ముకొనడానికి అప్పు ఇప్పించవలసిందని ఈమధ్య చాలా సంఘాలలో మమ్ములను అడుగుతున్నారు. అడగడం మంచిదే. కోవా తీయడం మీకు మేము నేర్పనక్కరలేదు. బాండీ దగ్గర మేమే మీ శిష్యులం. అయితే అప్పు కాగితం మీద సంతకం గాని, వేలిముద్ర గాని పడేముందు ఒక లెక్క చూడండి.

గేదె పాలు 5 లీటర్లు మరిగిస్తే సుమారు 1 కిలో కోవా దిగుతుంది. పావుకిలో చక్కెర పడితే కిలోంబావు. కిలో 320 చొప్పున అమ్మితే 400 రూపాయలు. చక్కెరకు 12, కట్టెలకు 40, కవర్లకు 8 పోను 340 మిగిలిందని సంతోషిస్తాము. పాలు మన గేదెవే కదా అంటాము! ఆ పాలే సంఘంలో పోస్తే, వెన్న శాతాన్నిబట్టి మీ పాస్ బుక్కులో లీటరుకు 60 పడుతోందనుకొందాం, 300 వచ్చేవి. అంటే మిగిలింది 40. పొగలో గరిటె తిప్పిన మనిషికి కూలి 60 వేస్తే 20 నష్టం. అమ్ముడుపోక పులిసిన కోవా, హోటలువారి బాకీ ఇందులో వేయనేలేదు. సంఘం బోనస్ ఇస్తే ఆ 5 లీటర్లకు అదీ రాదు.

అలాగని మానుకోమనడం లేదు. పెళ్ళిళ్ళకు ముందుగా ఆర్డరు పట్టుకొని కిలో 400కు ఇవ్వగలిగితే, అదే బాండీలో కూలి పోను 80 మిగులుతుంది. చేతిపని అదే, కొనేవాడు మారినాడు.

మూడు రోజులు కూర్చోబెట్టి, సర్టిఫికెట్టు ఇచ్చి, ఫోటో తీయించి పంపే తరగతులు మేము చాలా చూచినాము. తయారీ చెప్తారు, ధర కట్టడం చెప్పరు. తమ పాలు బొంబాయి పోతున్నా తగిన ధర తమ చేతికి రావడం లేదనే కదా 1946లో కైరా రైతులు సంఘం కట్టుకొన్నది!

ఇంట్లో తయారుచేసి అమ్మేవారు కూడ 2006 నాటి ఆహార భద్రత చట్టం ప్రకారం రిజిస్ట్రేషను చేయించుకోవాలి. ఆ దరఖాస్తు నింపడానికి మీ సంఘం కార్యదర్శి సాయం అడగండి.

వచ్చే తరగతికి పాస్ బుక్కు, వారం రోజుల ఖర్చు చీటీ తీసుకొని రండి. చదువు రానివారు బడికి పోయే పిల్లను వెంటబెట్టుకొని రావచ్చును. బాండీ మాత్రం అక్కరలేదు.