బొంబాయి బండి మళ్ళీ రావాలంటే



కోరుట్లలోనో జగిత్యాలలోనో ఏ వాడకైనా వెళ్ళి చూడండి. ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్ళు కనిపిస్తారు. మగవాళ్ళు ఎక్కడమ్మా అని అడిగితే బొంబాయి అనో, భివండీ అనో, దుబాయి అనో జవాబు వస్తుంది. సిరిసిల్లలో సాంచాలు ఆగినప్పుడల్లా నేతపనివాళ్ళు భివండీ సాంచాల మీదికే పోయారు. రాష్ట్రం సరిహద్దు అవతలిదే గాని, బొంబాయి మనకు పరాయి ఊరు కాదు.

ఆ ఊరికి బస్సులున్నాయి కదా, రైలెందుకూ అంటారు కొందరు. అనేవాళ్ళు మగవాళ్ళేనని వేరే చెప్పక్కర్లేదు! నెలలు నిండుతున్న కోడలినీ, మోకాళ్ళ నొప్పుల అత్తగారినీ, చంటిపిల్లనూ వెంటబెట్టుకుని రాత్రంతా బస్సులో పోయి చూస్తే తెలుస్తుంది. బస్సు ఎక్కడ ఆపుతాడో తెలియక, దాహమైనా నీళ్ళు తాగకుండా కూర్చునే ఆడవాళ్ళు ఎందరు లేరు? రైల్లో నడుం వాల్చవచ్చు, మరుగుదొడ్డి ఉంటుంది. సద్దిమూట విప్పుకుని నలుగురూ కలిసి తినవచ్చు.

పెద్దపల్లి - నిజామాబాద్ లైనుకు 1993లో ప్రధాని పి.వి. నరసింహారావుగారు పునాదిరాయి వేశారు. లైను పూర్తయింది 2017లో. పునాదినాడు పుట్టిన పిల్ల తాను తల్లి అయ్యే వయసు! ఏమైతేనేం, పట్టాలు కలిశాయి. కరీంనగర్ నుంచి జగిత్యాల, కోరుట్ల, నిజామాబాద్ మీదుగా బొంబాయి లోకమాన్య తిలక్ టెర్మినసుకు వారానికొక బండి కూడా నడిచింది. భివండీవాళ్ళు కల్యాణ్‌లో దిగిపోతే సరి. పూర్వం ఈ దారి మీటరు గేజి. మన్మాడ్‌లో దిగి, మూటాముల్లె నెత్తికెత్తుకుని పెద్దలైను బండి పట్టుకోవలసి వచ్చేది. ఆ బాధ తీరింది.

చిక్కెక్కడంటే, ఆ బండి తర్వాత "ప్రత్యేక బండి" అయింది. ప్రత్యేక బండి అద్దె ఇంట్లో కాపురం వంటిది. గడువు రాసి ఉంటుంది. పొడిగిస్తే నడుస్తుంది, లేకుంటే ఆగిపోతుంది. దసరాకు వచ్చే కొడుకు టిక్కెట్టు ముందుగా కొనుక్కోవాలంటే బండి ఉంటుందో ఉండదో తెలియాలి గదా.

పట్టాలున్నంత మాత్రాన బండి రాదు. జోధ్‌పూర్ నుంచి కరాచీకి పోయే దారి 1965 యుద్ధంలో తెగింది. థార్ ఎక్స్‌ప్రెస్‌గా మళ్ళీ నడిచింది 2006లో. 2019 ఆగస్టులో అదీ ఆగింది. అక్కడ రెండు దేశాల పగ అడ్డం. మనకు అటువంటి అడ్డేమీ లేదు. మనది రెండు రైల్వేల మధ్య వ్యవహారం. బొంబాయి స్టేషను మధ్య రైల్వేది, మన లైను దక్షిణ మధ్య రైల్వేది. పెట్టెలు ఎవరివి, ఎక్కడ కడగాలి, ఒంటి లైనుపై ఏ వేళకు దారి ఇవ్వాలి, ఇవి తేలాలి. ఆశకు చోటుంది.

రోజూ బండి కావాలని పట్టుపట్టడం నాకు సబబుగా తోచదు. పండుగలకు కిక్కిరిసి, ఆషాఢంలో ఖాళీగా పోయే బండిని ఎవరూ రోజూ నడపరు. వారానికి రెండుసార్లు, కాలపట్టికలో అచ్చయిన పక్కా బండి అడగాలి. అడిగేది కూడా లెక్కతో అడగాలి. మీ మహిళా సంఘంలో ఎన్ని ఇళ్ళ నుంచి ఎందరు బొంబాయి, భివండీలలో ఉన్నారో, ఏడాదికి ఎన్నిసార్లు వచ్చిపోతారో ఒక కాగితం మీద రాయండి. దాన్ని పార్లమెంటు సభ్యునికీ, రైల్వే అధికారులకూ పంపండి. బండి నడిచిన రోజుల్లో తప్పక టిక్కెట్టు కొని ఎక్కండి. రైల్వేవాళ్ళు చూసేది ఆ టిక్కెట్ల లెక్కే.

ఇక సిరిసిల్ల సంగతి. మనోహరాబాద్ - కొత్తపల్లి లైనుకు 2016లో శంకుస్థాపన జరిగింది, 2023 అక్టోబరులో సిద్దిపేటకు రైలు వచ్చింది. సిరిసిల్లకు అది చేరేలోగా అక్కడి ఆడవాళ్ళు కామారెడ్డికో కరీంనగర్‌కో బస్సులో పోయి రైలెక్కవలసిందే. బొంబాయి బండి వేళకు అందేటట్టు సిరిసిల్ల నుంచి ఒక బస్సు వేయమని డిపోవారిని అడగవచ్చు. దానికి ఢిల్లీ దాకా పోనక్కర్లేదు.