మంచుసీమలో కాపురము



కుమారునికో, కుమార్తెకో చలిదేశమున ఉద్యోగము దొరకినదన్న వార్త నేడు మన ఊళ్ళలో వింత కాదు. ప్రయాణపు టిక్కెట్టు, వీసా, బ్యాంకు కాగితములు ఎట్లు సమకూర్చుకొనవలెనో చెప్పువారు వీధికి పదిమంది ఉన్నారు. ఎండలో పుట్టి ఎండలో పెరిగిన సంసారమును మంచులో కాపురమునకు ఎట్లు సిద్ధపరుపవలెనో చెప్పువారు మాత్రము అరుదు. మేము గుంటూరు నుండి కెనడా దేశమందలి విన్నిపెగ్ నగరమునకు తరలి వెళ్ళినవారము. దంపతులము ఇద్దరము, ఎనిమిదేండ్ల అబ్బాయి, రెండేండ్ల అమ్మాయి, డెబ్బదేండ్లకు చేరువైన మా అమ్మగారు, వెరసి ఐదుగురము. అచ్చట నాలుగు శీతకాలములు గడపిన మీదట మాకు తెలియవచ్చిన సంగతులను, మేము చేసిన పొరపాట్లతో సహా, మీకు మనవి చేయుదుము.

ముందుగా ఆ చలి యెట్టిదో చెప్పవలెను. విన్నిపెగ్ మానిటోబా రాష్ట్రమునకు రాజధాని. రెడ్, అసినిబోయిన్ అను రెండు నదుల సంగమమున వెలసిన ఊరు. సముద్రము దూరము; ఉత్తరపు గాలిని ఆపుటకు కొండ లేదు. జనవరిలో రేయింబవళ్ళ సగటు ఉష్ణోగ్రత సున్నకు దిగువ ఇంచుమించు 16 డిగ్రీలు. రాత్రులందు సున్నకు దిగువ 20 దాటుట సామాన్యము. 30 దాటుటయు అరుదు కాదు. నదులు గడ్డకట్టగా జనులు వానిపై నడతురు, జారుడు బూట్లతో ఆడుదురు. ఇంజను బిగిసిపోకుండుటకు రాత్రులందు కారుకు విద్యుత్తీగ తగిలించి ఉంతురు. డిసెంబరులో సూర్యుడు ఎనిమిది దాటిన పిమ్మట ఉదయించి నాలుగున్నరకే అస్తమించును. మన మన్యమందలి లంబసింగిలో గడ్డిమీద మంచు పేరుకొన్నదని పత్రికలో చదివి ఆశ్చర్యపడు మనకు ఇది సులభముగా ఊహకు అందునది కాదు.

మేము బయలుదేరునపుడు బంధుమిత్రులు రెండు విధములుగా చెప్పిరి. "ఆ చలిలో మనుష్యులు బ్రతుకగలరా? పెద్దామెను, పసిదానిని తీసుకొని పోయెదరా?" అని కొందరు భయపెట్టిరి. "ఇంటిలో వేడి, బండిలో వేడి, అంగడిలో వేడి, ఇక చలి యెక్కడిది?" అని కొందరు తేలికగా కొట్టివేసిరి. రెండును సరి కావు. భయపడినవారు ఇల్లు కదలరు. తేలికగా తీసుకొన్నవారు చేతితొడుగు మరచి వీధిలోనికి పోవుదురు.

మనము ఎండతో ఎట్లు మెలగుదుమో ఒక్కసారి ఆలోచింపుడు. రోహిణికార్తెలో మిట్టమధ్యాహ్నము పిల్లలను గడప దాటనీయము. పొలమునకు పోవువాడు తెల్లవారకముందే పోయి ఎండ ముదరకముందే మరలును. తలపై తుండుగుడ్డ, ఉట్టిపై మజ్జిగ, కుండలో నీరు, కిటికీకి వట్టివేళ్ళ తడిక. వీనిని మనకు ఎవ్వరును పాఠముగా చెప్పలేదు. ఇంటి ఆచారముగా వచ్చినవి. అందుచేతనే 45 డిగ్రీల ఎండలోను మన బ్రతుకు సాగుచున్నది. చలికిని అట్టి ఆచారమే ఒకటి కావలెను. వలసపోవు కుటుంబము సంపాదించుకొనవలసినది ముఖ్యముగా దానినే.

మొదటి సంగతి కాలము. వీలున్నంతవరకు ఆగష్టు మాసములో చేరుట మంచిది. సెప్టెంబరులో బడులు తెరచుదురు. అక్టోబరులో చల్లదనము, నవంబరులో మంచు. శరీరమునకును, అంతకంటె ముఖ్యముగా మనస్సునకును, ఒక్కొక్క మెట్టు దిగుటకు వ్యవధి దొరకును. నడి శీతకాలమున విమానము దిగక తప్పనివారు ఉన్నిటోపి, చేతితొడుగులు, మేజోళ్ళు, ఒక దళసరి కోటు పెద్దపెట్టెలో గాక చేతిసంచిలో ఉంచుకొనవలెను. తక్కినవి, ముఖ్యముగా బూట్లు, పెద్దకోట్లు, అచ్చటనే కొనుట లాభము. మేము ఇచ్చట వేలకు వేలు పోసి కొన్న కోట్లు అచ్చటి నవంబరునకే చాలలేదు.

రెండవది దుస్తులు. వెచ్చదనము బట్టలో కంటె, బట్టల నడుమ కదలక నిలిచిన గాలిలో ఉన్నది. కావున ఒక్క లావుపాటి కోటుకంటె మూడు పొరలు మేలు. ఒంటిని అంటి చెమటను వెలికి పంపు పలుచని పొర ఒకటి. దానిపై ఉన్ని పొర ఒకటి. అన్నిటిపై గాలిని, మంచును ఆపునది ఒకటి. నూలుబట్టయే ఒంటికి మేలని పుట్టినది మొదలు వినినవారము మనము. ఎండలో అది నిజము. చలిలో నూలు చెమ్మను పట్టి ఉంచి ఒంటిని చల్లబరచును. ఉన్ని తడిసినను కొంత వెచ్చదనము నిలుపును. వ్రేళ్ళు విడివిడిగా నుండు తొడుగుకంటె నాలుగు వ్రేళ్ళును ఒక్కచోట ఒదుగు తొడుగు వెచ్చన. బూటు బిగువుగా ఉండరాదు. రెండు జతల మేజోళ్ళు తొడిగి బూటులో పాదమును ఇరికించినచో రక్తప్రసారము తగ్గి పాదము మరింత చల్లబడును.

మా అమ్మగారు చీర విడుచుటకు ఒప్పుకొనలేదు. విడువవలసిన పనియు కలుగలేదు. లోపల ఉన్ని లాగు, ఉన్ని చొక్కా, వానిపై చీర. కుచ్చెళ్ళు చీలమండలకు పైగా ఎత్తి దోపుకొని, మోకాళ్ళు దాటు కోటు, మంచుబూట్లు. ఆ వేషముతో ఆమె నాలుగు శీతకాలములు గడపిరి.

మూడవది గాలి. ఉష్ణమాపకమును చూచి బయలుదేరిన చాలదు. పాల్ సైపుల్, చార్లెస్ పాసెల్ అను అమెరికా దేశీయులు అంటార్కిటికాలో చిన్న గొట్టములో నీరు పోసి, గాలి హెచ్చినకొలది అది ఎంత త్వరగా గడ్డకట్టునో కొలిచి, 1945లో ఆ ఫలితములను ప్రకటించిరి. గాలితో కూడినప్పుడు చలి ఎంతగా తోచునో చెప్పు లెక్క దానినుండి పుట్టినది. 2001లో కెనడా, అమెరికా దేశములు ఆ లెక్కను సవరించి క్రొత్త సూత్రమును చేపట్టినవి. వాతావరణ సూచనలో ఈ అంకెను తప్పక చూడవలెను. అది సున్నకు దిగువ 28 దాటినచో కప్పుకొనని చర్మము 10 నుండి 30 నిమిషములలో గడ్డకట్టవచ్చును; 40 దాటినచో 5 నుండి 10 నిమిషములు చాలును.

దీనిని మేము పుస్తకములో చదివి నేర్చుకొనలేదు. మొదటి శీతకాలమున ఒక ఉదయము మా అబ్బాయి బడి బస్సు కొరకు వీధిమొగన నిలిచి, బూటుతాడు ముడివేసుకొనుటకు ఒక తొడుగు విప్పెను. గాలికి అది కొట్టుకొనిపోయెను. దానిని వెదకుచు, బస్సు తప్పిపోవునను భయముతో, వట్టిచేతితోనే నిలిచెను. బడి చేరునప్పటికి రెండు వ్రేళ్ళ కొనలు మైనమువలె తెల్లబడి స్పర్శ లేకుండెను. నొప్పి లేదు గనుక వాడు ఎవ్వరికిని చెప్పలేదు. ఉపాధ్యాయురాలు గమనించినది గనుక సరిపోయినది. మేమే అచ్చట ఉన్నచో ఆ చేతిని గట్టిగా రుద్ది, పొయ్యి సెగకు పట్టి యుందుము. రెండును హానికరములని ఆమె చెప్పిన పిదపగాని మాకు తెలియలేదు. రుద్దినచో లోపలి కండ చెడును. మొద్దుబారిన వ్రేళ్ళకు సెగ తెలియక చర్మము కాలును. ఆమె 37 నుండి 39 డిగ్రీల వేడి గల నీటిలో, అనగా మోచేతికి గోరువెచ్చగా తోచు నీటిలో, వ్రేళ్ళు ఎఱ్ఱబడువరకు ముంచి ఉంచెను. అప్పుడు వాడు మంటకు ఏడ్చెను. ఆ ఏడుపే శుభసూచకమని వైద్యుడు చెప్పెను. వ్రేళ్ళు దక్కినవి. నాటినుండి వాని సంచిలో మరియొక జత తొడుగులు ఎప్పుడును ఉండును.

ఇందు ఒక నీతి ఉన్నది. చలిలో నొప్పి ఆగుట ఉపశమనము కాదు, ప్రమాదము. అట్లే వణకుచున్నవారికి ఒళ్ళు వెచ్చబడకయే వణకు ఆగి, మాట తడబడి, అడుగు తూలినయెడల, నిద్ర వచ్చుచున్నదని పరుండబెట్టరాదు. వెంటనే వైద్యసహాయము పిలువవలెను.

నాలుగవది ఇల్లు. కరెంటు పోయిన ఒక రాత్రి మా అమ్మగారు "ఒక కుంపటి ఉన్న ఎంత బాగుండును" అనిరి. బాలింత గదిలో కుంపటి పెట్టుట మన వాడుకయే. మన పెంకుటిండ్ల సందులు, మూయని కిటికీలు మనలను కాపాడుచు వచ్చినవి. చలిదేశపు ఇల్లు గాలి చొరకుండ కట్టినది. అందులో బొగ్గులు రాజేసినను, ఇంటిని అంటియున్న షెడ్డులో కారు ఇంజను నడుపుచు ఉంచినను కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రించువారు నిద్రలోనే పోవుదురు. ఆ వాయువును పసిగట్టి కూతపెట్టు చిన్న యంత్రము పడకగదుల దాపున ఉండితీరవలెను. బొగ్గుల కుంపటి ఇంటిలోనికి ఎన్నడును రారాదు. తక్కినవన్నియు మరచినను ఈ ఒక్కమాట మరువకుడని మా ప్రార్థన.

వంటింటి సంగతులు కొంత తేలిక. కొబ్బరినూనె సీసాలో రాయివలె బిగియును. పెరుగు తోడుకొనదు, ఇడ్లీపిండి పులియదు. ఓవెను వెలిగింపక, దానిలోని చిన్న దీపము మాత్రము వేసి, గిన్నె రాత్రియంతయు అందుంచినచో తెల్లవారుసరికి పిండి పొంగును, పెరుగు తోడుకొనును. ఇంటిలోని గాలి పొడిగా నుండుటచే చర్మము పగులును. దాహము తెలియదు గాని ఒంటికి నీరు కావలెను. తలంటుకొన్నవారు జుట్టు పూర్తిగా ఆరనిదే బయట అడుగు పెట్టరాదు.

ఐదవది పిల్లల సంగతి. కారులో పసివారిని కట్టు పట్టీల క్రింద ఉబ్బెత్తు కోటు ఉండరాదు. తాకిడికి కోటు అణగిపోయి పట్టీ వదులగును. కోటు విప్పి, పట్టీ బిగించి, పైన కప్పవలెను. ఆటస్థలమున జారుబల్లకు చిక్కుకొను పొడుగాటి మెడగుడ్డ కంటె మెడకు తొడుగు ఉన్నిపట్టీ క్షేమము. ఇక మంచుగడ్డపై నడక. వానకాలమున పొలముగట్టుపై ఎట్లు నడతుమో అట్లే నడువవలెను: చిన్న అడుగులు, పాదము మొత్తము ఆనించి, మోకాళ్ళు కొంచెము వంచి, చేతులు జేబులలో పెట్టక. ఈ ఉపమానము మా అమ్మగారిదే. మాలో ఒక్కసారియు జారిపడనివారు ఆమె ఒక్కరే.

చివరి సంగతియు వారినిగూర్చినదే. మొదటి సంవత్సరము మేము ఆమెను ఎంతో జాగ్రత్తగా చూచుచున్నామనుకొని ఇంటిలోనే ఉంచితిమి. మేము పనికి, అబ్బాయి బడికి పోవుదుము. ఆమెయు, పసిపిల్లయు, మూసిన కిటికీయు. డిసెంబరు గడచునప్పటికి ఆమె మాట తగ్గినది, ఆకలి తగ్గినది, పగలెల్ల నిద్ర. చలివలన జబ్బు చేసినదని భయపడి వైద్యుని పిలిచితిమి. ఆయన అన్నిటిని పరీక్షించి "ఈమె బయటికి వెళ్ళి ఎన్నాళ్ళయినది?" అని అడిగెను. మేము బదులు చెప్పలేకపోతిమి. వెలుతురు తగ్గిన ఋతువులో కొందరికి కలుగు మనోవ్యాకులతను 1984లో నార్మన్ రోసెంతాల్ అను వైద్యుడు, ఆయన సహచరులు వర్ణించిరి. ఆ వేదనకు ఆమె ఒంటరితనము తోడైనది. చలినుండి కాపాడితిమి గాని, వెలుతురునుండియు మనుష్యులనుండియు వేరుచేసితిమి.

మరునాటినుండి గాలి తీవ్రముగా లేని ప్రతిదినము మధ్యాహ్నము, ఎండ ఉన్నవేళ, ఎవరో ఒకరము ఆమెను వెంటబెట్టుకొని అరగంట నడువసాగితిమి. మంచుపై ఎండ కండ్లు మిరుమిట్లు గొలుపును గనుక నల్లకండ్లద్దాలు కొనియిచ్చితిమి. వాటిని పెట్టుకొని ఆమె అద్దములో చూచుకొని నవ్విరి. ఆ ఇంట మేము ఎన్నాళ్ళకో వినిన నవ్వు అది. వారమునకొకసారి తెలుగువారి ఇంటికి తీసుకొనిపోవుటయు నియమము చేసుకొంటిమి.

సంక్రాంతినాడు ఆమె వాకిట ముగ్గు వేసెదనని పట్టుపట్టిరి. బియ్యపుపిండి తెల్లన, మంచు తెల్లన. వేసిన ముగ్గు కనబడలేదు. ఆమె లోపలికి పోయి పసుపు, కుంకుమ తెచ్చి వానితో గీతలు తీర్చిరి. పొరుగింటివారు వచ్చి నిలిచి చూచిరి. పది నిమిషములలో పని ముగించి, ఎవ్వరును చెప్పకయే, "ఇక చేతులు లోపల పెట్టుకొనవలెను" అని ఆమెయే తలుపు తీసి లోనికి నడచిరి. ఆ మాటతో చలి ఆచారము మా ఇంట నిలిచినదని మాకు నమ్మకము కలిగినది.

చలిదేశమునకు పోవు తల్లిదండ్రులకు, వారిని పంపు పెద్దలకు మేము చెప్పదలచినది ఇంతే. చలికి భయపడకుడు, దానిని చులకన చేయకుడు. ఎండను గౌరవింప నేర్చినవారము మనము; చలిని గౌరవింపను నేర్వగలము. పిల్లల చేతులను కనిపెట్టి ఉండుడు. పెద్దలకు తలుపు తెరచి ఉంచుడు.

సెలవు.