మాత్ర మానేసే ముందు



మా అమ్మాయికి పదకొండేళ్ళప్పుడు ఉన్నట్టుండి చేతిరాత చెడిపోయింది. ముత్యాల్లా రాసే పిల్ల, కోడి గీకినట్టు రాస్తోందని కేకలేశాను. కుదురుగా కూర్చోదు, అయినదానికీ కానిదానికీ ఏడుపు. రెండు ముద్దలు ఎక్కువే తింటున్నా గౌన్లు వదులైపోతున్నాయి. "ఎదిగే పిల్ల, అంతేలే" అన్నారు మా అత్తగారు. ఓ రాత్రి పక్కలో పడుకుంటే దాని గుండె దడదడ నా చేతికి తెలిసింది. మర్నాడు రక్తపరీక్షలో తేలింది, థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేస్తోందని. గ్రేవ్స్ వ్యాధిట. వణికే చేతిని పట్టుకునా నేనన్ని మాటలన్నది!

మామూలుగా మెదడు కిందుండే పిట్యూటరీ గ్రంథి టి.ఎస్.హెచ్. అనే హార్మోనుతో థైరాయిడ్‌ని నడిపిస్తుంది. ఈ జబ్బులో మన ఒంట్లోనే పుట్టిన యాంటీబాడీలు ఆ టి.ఎస్.హెచ్. చోటులో చేరి, గ్రంథిని ఆపకుండా తరుముతాయి. కార్బిమజోల్ మాత్ర హార్మోను తయారీని తగ్గిస్తుంది. తరిమేవాళ్ళు మాత్రం ఇంకా లోపలే ఉండొచ్చు.

ఇది తెలియకే పొరపాటు చేయబోయాను. ఆరు నెలలకి టి-3, టి-4 సరిగ్గా వచ్చాయి, పిల్ల ఒళ్ళు చేసింది. "ఇంకెందుకండీ మాత్రలు?" అన్నాను. డాక్టరమ్మగారు ట్రాబ్ అనే యాంటీబాడీ పరీక్ష కాగితం ముందుపెట్టారు. అంకె హద్దుకి చాలా పైనుంది. అలా ఉండగా మానేస్తే జబ్బు తిరగబెట్టే అవకాశమే ఎక్కువట. పిల్లల్లో ఇవి నెమ్మదిగా దిగుతాయి. 2022లో యూరోపియన్ థైరాయిడ్ అసోసియేషన్ వారు కూడా పిల్లలకి మూడేళ్ళు, అంతకుమించీ మాత్రలు వాడమనే చెప్పారు.

అలాగని నెలనెలా ట్రాబ్ అక్కర్లేదు, ఖర్చు కూడాను. తరచుగా చూడవలసింది టి-4 వగైరాలే. ట్రాబ్ జబ్బు తేలినప్పుడు, మళ్ళీ మాత్ర మాన్పించే ఆలోచన వచ్చినప్పుడు ముఖ్యం. ప్రతిసారీ ఒకే ల్యాబులో చేయించండి, లేకపోతే అంకెలు పోల్చుకోలేం. జుట్టు ఊడుతోందని బయోటిన్ మాత్రలు వేస్తున్నారా? అవి పరీక్షని తారుమారు చేస్తాయి. డాక్టరుకి చెప్పి, రెండు రోజుల ముందే ఆపండి.

ఇంకొక్కటి. ఈ మందు వాడే పిల్లకి జ్వరం, గొంతునొప్పి వస్తే కషాయాలతో కాలక్షేపం చేయకండి. అరుదుగానే అయినా తెల్లకణాలు పడిపోతాయి. మాత్ర ఆపి, ఆ రోజే రక్తపరీక్ష చేయించాలి.

మా అమ్మాయికిది నాలుగో ఏడు. పాలపద్దు పుస్తకం చివరి పేజీల్లో అంకెలన్నీ రాసుకున్నాను. మొన్ననే మొదటిసారి ట్రాబ్ హద్దులోకి వచ్చింది. అయినా తిరగబెట్టదని పూచీ ఏమీ లేదట. ఇంకోసారి చూసి, అప్పుడు ఆపుదామన్నారు డాక్టరమ్మగారు. ఈసారి నేనేమీ తొందరపెట్టలేదు.