బిడ్డలడుగు ప్రశ్న
(పాఠశాల వార్షికోత్సవమున ప్రధానోపాధ్యాయుడు చేసిన ప్రసంగము)



గత నవంబరు 26వ తేదీ ప్రార్థనాసమయమున మనము రెండు నిమిషములు మౌనము పాటించితిమి. పిమ్మట ఏడవ తరగతి బాలుడొకడు నా గదికి వచ్చి, "అయ్యా, వాండ్రు మరల వత్తురా?" అని అడిగెను. "పెద్దవాడవైన తరువాత తెలియునులే, పొమ్ము" అని పంపివేసితిని. అది నా తప్పు. మరునాడు ఆటస్థలమున ఆ బాలుడే తోటి ముస్లిము విద్యార్థిని పరుషముగా నిందించెనని తెలిసినది. మనము చెప్పని సమాధానమును వీథి చెప్పెను.

ఆ దారుణము జరిగినది 2008లో. నేటి మన విద్యార్థులలో నొక్కరును అప్పటికి జన్మింపలేదు. మనకది జ్ఞాపకము, వారికి విన్నమాట. కావున జరిగినది జరిగినట్లు చెప్పుట మన ప్రథమ కర్తవ్యము. పాకిస్తానులోని లష్కరే తోయిబా యను సంస్థ శిక్షణనిచ్చి పంపిన పదిమంది సముద్రమార్గమున ముంబయి చేరిరి. రైల్వే స్టేషనునందును, ఆసుపత్రియొద్దను, తాజ్, ఒబెరాయ్ హోటళ్లలోను, నారిమన్ హౌస్‌లోను దాడి చేసిరి. 29వ తేదీ ఉదయమునకు గాని అది ముగియలేదు. 166 మంది మరణించిరి. ఛత్రపతి శివాజీ టెర్మినస్‌లో కూలినవారు మూటాముల్లెలతో దూరపు బండ్లకై వేచియున్న సామాన్యులు. మన తెలుగువారు స్వగ్రామములకు బండి యెక్కు స్టేషను గూడ నదియే. మృతులలో ముస్లిములును పెక్కురు.

ఇంతతో ఆపిన బిడ్డకు భయమే మిగులును. కాపాడినవారిని గూర్చియు చెప్పవలెను. స్టేషనులో ప్రకటనలు చేయు విష్ణు జెండే ధ్వనివర్ధకమున హెచ్చరించి ఎందరినో వెలుపలికి పంపెను. గిర్గాం చౌపాటీయొద్ద తుకారాం ఓంబ్లే యను పోలీసు అధికారి లాఠీ తప్ప వేరాయుధము లేకయే కసబు తుపాకిని పట్టుకొని, తన దేహముపై గుండ్లనోర్చి ప్రాణమిచ్చెను. అందువలననే కసబు సజీవముగా చిక్కెను. అతనిని గుంపునకు అప్పగింపక న్యాయస్థానము విచారించెను. సుప్రీంకోర్టు తీర్పు పిమ్మట 2012లో శిక్ష అమలైనది. చనిపోయిన తొమ్మండుగురు దుండగులకు తమ శ్మశానమున చోటీయమని ముంబయి ముస్లిము పెద్దలు నిరాకరించిరి.

నేను ఆ యిద్దరు బాలురను పిలిపించి ఈ సంగతులన్నియు చెప్పితిని. "మరల రారని నేను ప్రమాణము చేయజాలను. తీరమును కాచువారు నాటికన్న నేడు హెచ్చుగ నున్నారు. హైదరాబాదులోను, ముంబయిలోను జాతీయ భద్రతా దళము 2009లోనే కేంద్రములు నెలకొల్పినది" అంటిని. మొదటివాడు కొంతసేపు తలవంచుకొని నిలిచెను. పిమ్మట తోటివాని చేయిపట్టుకొని వెలుపలికి పోయెను. ఏమనెనో నేనడుగలేదు.

తల్లిదండ్రులారా, నా మనవి స్వల్పము. బిడ్డ అడిగినపుడు కసరకుడు. వానికి తెలిసినదేమో ముందుగా వినుడు. చిన్నవారికి ఫోనులలోని రక్తపు దృశ్యములు చూపకుడు. మీకు తెలియనిది తెలియదనియే చెప్పుడు. భోజనమునకు కూర్చున్నపుడు మీ నోట వచ్చు మాట మరునాడు మా తరగతిలో వినబడునని మరువకుడు. పరభాషాప్రాంతమున అల్పసంఖ్యాకులమై తరతరములుగా బ్రతుకుచున్న వారము మనము. ఒకని దోషమును వాని వారందరికి అంటగట్టుట యెంతటి అన్యాయమో మనకు వేరుగ చెప్పనక్కరలేదు.

సెలవు.