లోహం కింది కార్బన్: అధ్యక్షోపన్యాసం



బయోమాస్ ఉత్ప్రేరకాల మీద వచ్చే వ్యాసాల్లో "కార్బన్ మీద 5 శాతం రుథేనియం" అన్న మాట ఈ సభలో ఎవరికీ కొత్త కాదు. ఆ 5 శాతం లోహం గురించి పేజీలకు పేజీలు ఉంటాయి: కణాల పరిమాణం, వాటి వ్యాప్తి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు చిత్రాలు. మిగిలిన 95 శాతానికి దక్కేది మాత్రం ఒక్క వాక్యం, అందులోనూ అమ్మిన కంపెనీ పేరే. ఆ కార్బన్ కొబ్బరి చిప్పదా, కట్టెదా, బొగ్గుదా? బూడిద ఎంత? ఉపరితలం ఆమ్లమా, క్షారమా? చాలా వ్యాసాల్లో వీటికి జవాబు దొరకదు. ఈ ఉపన్యాసం ఆ 95 శాతం గురించే.

పెట్రోలియం శుద్ధితో పెరిగిన తరానికి సపోర్టు అంటే అల్యూమినా, సిలికా, జియోలైట్. కార్బన్ అంటే మందుల తయారీలో వాడే పల్లాడియం-కార్బన్. వడపోత కాగితం మీద అది ఆరిపోతే నిప్పంటుకుంటుందేమోనన్న భయం పాతవాళ్లందరికీ గుర్తే. చక్కెరల రసాయనం ఈ లెక్కను మార్చేసింది, ఎందుకంటే అది నీటిలో జరిగే రసాయనం. 200 డిగ్రీల వేడినీటిలో గామా అల్యూమినా గంటల్లోనే బోమైట్‌గా మారుతుంది, సిలికా కరుగుతుంది. కార్బన్ నిలుస్తుంది. పైగా వాడేసిన ఉత్ప్రేరకాన్ని కాల్చితే ప్లాటినం, పల్లాడియం తిరిగి చేతికొస్తాయి.

2006లో హొక్కైడోలో అత్సుషి ఫుకుఒకా, తర్వాత పుణె జాతీయ రసాయన ప్రయోగశాలలో పనిచేసిన పరేశ్ ఢేపే కలిసి సెల్యులోజ్‌ను సార్బిటాల్‌గా మార్చారు. అప్పటికి వాళ్ల ప్లాటినం కూర్చున్నది అల్యూమినా మీదే. మరుసటి ఏడాది పెకింగ్ విశ్వవిద్యాలయంలో హైచావ్ లియు బృందం కార్బన్ మీది రుథేనియంతో, 245 డిగ్రీల నీటిలో హెక్సిటాల్స్ తీసింది. 2008లో దాలియన్‌లో తావ్ ఝాంగ్ బృందం యాక్టివేటెడ్ కార్బన్ మీద నికెల్, టంగ్‌స్టన్ కార్బైడ్ ఉంచి, 61 శాతం దిగుబడితో ఇథిలీన్ గ్లైకాల్ సాధించింది.

ఇంత జరిగాక కూడా కార్బన్‌ను ఊరికే మోసే పదార్థంగా చూడడం అన్యాయం. నత్రికామ్లంతో మరిగిస్తే దాని అంచుల్లో కార్బాక్సిల్, ఫినాల్ సమూహాలు పుడతాయి. తగిన పీహెచ్‌లో అవి రుణావేశం పొంది, అమోనియా కట్టుకున్న రుథేనియం ధనాయాన్లను లాక్కుంటాయి. క్షార స్వభావమున్న కార్బన్ క్లోరోప్లాటినేట్ లాంటి రుణాయాన్లను ఇష్టపడుతుంది. అంటే లోహం ఎక్కడ, ఎంత చిన్న కణాలుగా కూర్చోవాలో నిర్ణయించేది ముందుగా సపోర్టే. ఈ సమూహాలను కొలిచే పద్ధతిని హాన్స్-పీటర్ బోమ్ 1960లలోనే అందించారు: సోడియం బైకార్బొనేట్, సోడియం కార్బొనేట్, సోడియం హైడ్రాక్సైడ్‌లతో టైట్రేషన్. కోట్ల రూపాయల పరికరాలున్న ప్రయోగశాలలు ఈ బ్యూరెట్ పనిని చిన్నతనంగా భావించడం బాధాకరం.

అసలు చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. లోహాన్ని క్షయకరించడానికి హైడ్రోజన్‌లో వేడి చేసేటప్పుడు, దాన్ని పట్టి ఉంచిన కార్బాక్సిల్ సమూహాలే కార్బన్ డయాక్సైడ్‌గా విడిపోవడం మొదలుపెడతాయి. కొక్కెం ఊడిన లోహకణాలు జరిగి ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. ఫినాల్, కార్బొనిల్ సమూహాలు ఇంకా ఎక్కువ వేడిని తట్టుకుంటాయి. కాబట్టి "ఆక్సీకరించాం" అంటే చాలదు. క్షయకరణ తర్వాత ఏం మిగిలిందో చెప్పాలి.

సల్ఫోనిక్ సమూహాల కథ మరీ పదునైనది. 2005లో మిచికాజు హారా, దోమెన్‌ల బృందం చక్కెరను సగం మాడ్చి, సల్ఫోనీకరించి, బయోడీజిల్‌కు ఘనామ్లం తయారుచేసింది. గొప్ప పని అది. దాని మీదే రుథేనియం కూడా ఎక్కించి, జలవిశ్లేషణ, హైడ్రోజనీకరణం ఒకే పాత్రలో చేస్తామన్నవారు మాత్రం రెండు సంగతులు దాటేశారు. వేడినీటిలో ఆ సమూహాలు ఊడి ద్రావణంలోకి పోగలవు. హైడ్రోజన్ సమక్షంలో గంధకం లోహాన్ని విషపూరితం చేయగలదు. ఊడిన ఆమ్లం చేసిన పనిని ఘన ఉత్ప్రేరకం ఖాతాలో రాసుకోవడం తప్పు. వేడిగా వడకట్టి, ఆ నీటితో చర్య సాగుతుందో లేదో చూడనివారు తమ పట్టికలను మళ్లీ పరిశీలించుకోవాలి.

"అయిదుసార్లు వాడినా 99 శాతం" అన్న వాక్యం కూడా అంతే. లెవులినిక్ ఆమ్లం మొత్తం గామా వాలెరోలాక్టోన్‌గా మారేదాకా ఆగి కొలిస్తే, సగం చచ్చిన ఉత్ప్రేరకం కూడా బతికే ఉన్నట్టు కనిపిస్తుంది. తక్కువ మార్పిడి దగ్గర రేటు కొలిస్తేనే నిజం బయటపడుతుంది. షూత్, వార్డ్, బురియాక్ 2018లో ఉత్ప్రేరక వ్యాసాల సాధారణ లోపాల మీద హెచ్చరించారు. అయినా ఆ అలవాటు పోలేదు.

మన నేలతో ముడిపడిన సంగతి ఒకటుంది. గోదావరి, కృష్ణా డెల్టాల మిల్లుల్లో ఊకకు కొదవ లేదు, కోనసీమలో కొబ్బరి చిప్పకూ లేదు. ఊక బూడిదలో ఎక్కువ భాగం సిలికా. దాన్ని తీసేయకుండా వేడినీటి చర్యలకు సపోర్టుగా వాడితే, ఆ సిలికా కరిగిపోతున్నకొద్దీ రంధ్రాల తీరు, లోహం నిలకడ రెండూ మారతాయి. చిప్ప కార్బన్ గట్టిది, బూడిద తక్కువ. కానీ దాని సన్నని రంధ్రాల్లోకి సెల్యులోజ్ ముక్కలు దూరలేవు. ఏ పంటకు ఏ కార్బన్ అన్నది ఓపికగా తేల్చే పనికి పత్రికల్లో గౌరవం దక్కడం లేదు. దక్కాలి.

అందుకే ఈ అధ్యక్షపీఠం కోరేది ఇది. ఇక్కడ సమర్పించే ప్రతి పత్రంలో కార్బన్ మూలం, బూడిద శాతం, ఉపరితల ఆవేశం శూన్యమయ్యే పీహెచ్, క్షయకరణకు ముందూ తర్వాతా బోమ్ టైట్రేషన్ విలువలు ఉండాలి. ఒక విద్యార్థి థీసిస్ అంతా ఒకే ఉత్ప్రేరకాన్ని వందల గంటలు నీటి ప్రవాహంలో నడిపి, అది ఎలా చచ్చిపోయిందో చెబితే, పరీక్షకులు దాన్ని "కొత్త పదార్థం లేదు" అని తిప్పి పంపకూడదు.