ఓజోను కవచము



నేను వ్యాకరణము చెప్పుకొని బ్రదికినవాడను. ఒక్క వర్ణము చేరగనే పదమునకు అర్థము మాఱుట నిత్యము చూచినవాడను. వాయువులందును అట్టి వింత కలదు. మనము పీల్చు ప్రాణవాయువున ఒక్కొక్క అణువునకు రెండేసి పరమాణువులు. మూడవది చేరినచో అది ఓజోను అను వేఱొక వాయువగును. నేలమీద ఓజోను ఊపిరితిత్తులకు కీడు చేయును. 15 మొదలు 35 కిలోమీటర్ల ఎత్తున అదియే మనకు గొడుగు.

సూర్యుని అతినీలలోహిత కిరణములు అచ్చటి ప్రాణవాయువును చీల్చును. విడివడిన పరమాణువు చీలని అణువుతో కూడి ఓజోనగును. ఆ ఓజోను అట్టి కిరణములను మ్రింగి విడిపోవును, మరల కూడును. ఈ క్రమమును 1930లో చాప్‌మన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు వివరించెను. ఈ ఓజోనునంతను నేలమట్టమునకు దింపి పఱచినచో మందము సుమారు 3 మిల్లీమీటర్లు మాత్రమే. ఈ పలుచని పొర తఱిగినచో కన్నులకు శుక్లములు, చర్మమునకు రాచపుండు, పైరులకు హాని హెచ్చును.

పూర్వము శీతలయంత్రములలో అమ్మోనియా, గంధకపు వాయువు వాడెడివారు. అవి కాఱినచో ప్రాణాపాయము. 1928లో అమెరికా దేశమున మిడ్జిలీ మొదలగువారు వానికి బదులుగా క్లోరోఫ్లోరోకార్బనులను నిర్మించిరి. అవి మండవు, విషము కావు, దేనితోను కలియవు. అందఱును మెచ్చిరి. నేలమీద పరీక్షించినంతవఱకు ఆ మెప్పు సత్యమే. కాని దేనితోను కలియనిది నశించుటెట్లు? వానకు కరగదు, ఏండ్లతరబడి నిలిచి మెల్లగా పైకి పోవును. అచ్చట తీవ్రకిరణములు దానిని పగులగొట్టి క్లోరినును విడిపించును. ఈ సంగతిని 1974లో మొలీనా, రోలండు అనువారు ప్రకటించిరి.

ఇక ఆ క్లోరిను చేయు పని చూడుడు. ఓజోనులోని ఒక పరమాణువును అది లాగికొనును. మిగిలినది సామాన్య ప్రాణవాయువు. అంతట ఒంటిగా తిరుగు మఱియొక ప్రాణవాయు పరమాణువు వచ్చి, క్లోరిను లాగికొన్నదానితో జతకూడి పోవును. క్లోరిను యథాపూర్వముగా నిలిచి, వేఱొక ఓజోనుపై పడును. ఒక ఇంట తగవు పెట్టి, తానందు చిక్కక, పొరుగింటి గడప త్రొక్కు కొండెగాని చందమిది. ఒక్క క్లోరిను పరమాణువు వేలకొలది ఓజోను అణువులను చెఱుపగలదు.

1985లో ఫార్మను, గార్డినరు, షాంక్లిను అను ఆంగ్లేయులు దక్షిణధ్రువ ఖండమందలి హాలీ స్థానపు కొలతలను ప్రకటించిరి. అచ్చట అక్టోబరు మాసపు ఓజోను సుమారు మూడవవంతు తఱిగియుండెను. ధ్రువమందేల? శీతకాలమున అచ్చట నెలలకొలది చీకటి. పై ఆకాశమున సున్నకు దిగువ 78 డిగ్రీలకు మించిన చలిలో మేఘములేర్పడును. వాని రేణువులపై, ఇతర పదార్థములతో బంధింపబడియున్న క్లోరిను విడివడును. వసంతమున సూర్యుడు కనబడగనే పనికి పూనుకొనును. ఆ వాయువును వాడినవారొక దిక్కున, గొడుగు చినిగినది మఱియొక దిక్కున!

1987 సెప్టెంబరు 16వ తేదీన కెనడాలోని మాంట్రియలు నగరమున దేశములు కూడి కట్టుబాటు చేసికొనెను. మన దేశము 1992లో చేరెను. 2010 నాటికి ఆ వాయువుల ఉత్పత్తి దాదాపుగా నిలిచెను. ఈ కట్టుబాటు సాగినచో దక్షిణధ్రువమున పొర 2066 ప్రాంతమున 1980 నాటి స్థితికి వచ్చునని 2022 నాటి శాస్త్రజ్ఞుల అంచనా.

నా యీడువారు ఆ దినమును చూడబోరు. చినుగుటకు కొలది ఏండ్లు, అతుకుకొనుటకు ఒక పురుషాయుషము! కావున పాత శీతలయంత్రమును పాఱవేయునపుడు గొట్టములు కోసి వాయువును గాలిలోనికి వదలకుడు. పని తెలిసినవానిచే తీయింపుడు. ఏ క్రొత్త వస్తువునైనను నిరపాయమని ఎవరైన చెప్పినపుడు మూడు మాటలడుగుడు: ఎచ్చట నిరపాయము? ఎన్నాళ్లు? వాడిన పిమ్మట అది ఎచ్చటికి పోవును? ఊరిలో ఈ మాటలడుగుట పెద్దల ధర్మము.