నూట ఇరవై ఏండ్ల జనాభా లెక్క
(శతవార్షికోత్సవ సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



అమెరికా దేశములోని ఒక పల్లె ప్రాంతమును గూర్చి, అక్కడి జనసంఖ్య, జీవనాధారముల లెక్కలతో మాట్లాడవలసినదిగా నిర్వాహకులు నన్ను కోరారు. లెక్కల ప్రసంగమంటే శ్రోతలకు నిద్ర వస్తుందని నాకు తెలుసు. అందుచేత ముందుగా రెండే రెండు అంకెలు చెబుతాను. వెస్ట్ వర్జీనియా రాష్ట్రములో మెక్‌డోవెల్ అనే కౌంటీ ఉన్నది. 1900 జనాభా లెక్కలలో అక్కడి జనము 18,747 మంది. 2020 లెక్కలలో 19,111 మంది. నూట ఇరవై ఏండ్లలో పెరిగినది 364 మంది. ఈ రెండు అంకెలే చూచినవారు అక్కడ చెప్పుకోదగినదేమీ జరగలేదనుకుంటారు. ఆ రెంటి మధ్య జరిగినదేమిటో మనవి చేయడానికే నేను నిలుచున్నాను.

కౌంటీ అంటే మన జిల్లా వంటిదే గాని, చాలా చిన్నది. దానికొక ముఖ్యపట్టణము, కోర్టు, పాఠశాలల బోర్డు ఉంటాయి. మెక్‌డోవెల్ వైశాల్యము సుమారు 535 చదరపు మైళ్ళు. ముఖ్యపట్టణము వెల్చ్. అపలాచియన్ కొండలలో, సన్నని లోయలలో, వాగుల ఒడ్డున ఇండ్లు వరుసగా ఉంటాయి. చదును నేల తక్కువ గనుక పెద్ద వ్యవసాయానికి వీలులేదు. 1858లో ఈ కౌంటీ ఏర్పడినప్పుడు అక్కడ ఉన్నవారు కొండవాలులలో మొక్కజొన్న పండించుకొని, వేటాడుకొని బ్రతికే కొద్దిపాటి కుటుంబాలవారు.

1880ల చివర రైలుమార్గము ఆ కొండలలోకి వచ్చినది. రైలు వచ్చినది మనుష్యుల కోసము కాదు, బొగ్గు కోసము. పోకహాంటస్ బొగ్గు అని దానికి పేరు. పొగ తక్కువ, వేడి ఎక్కువ. ఉక్కు కర్మాగారములకు కోక్ కావాలన్నా, ఓడలు నడవాలన్నా ఆ బొగ్గుకే గిరాకీ. గనులలో పనికి దక్షిణ రాష్ట్రముల నుండి నల్లజాతివారు, సముద్రము దాటి ఇటలీ, హంగరీ, పోలండ్ దేశస్థులు తరలివచ్చారు. 1910 నాటికి జనము 47,856. 1930 నాటికి 90,479. 1950 నాటికి 98,887. దేశములోని కౌంటీలన్నిటిలోను ఎక్కువ బొగ్గు తీసేది ఇదేనని ఆ రోజులలో పేరు. నాటి జనములో సుమారు నాల్గవ వంతు నల్లజాతివారు. దక్షిణ రాష్ట్రములలో వారికి లేకుండా చేసిన ఓటుహక్కు ఇక్కడ ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధములో పనిచేసిన నల్లజాతి సైనికుల జ్ఞాపకార్థము 1928లో కింబాల్ అనే ఊరిలో కట్టిన భవనము నేటికీ ఉన్నది.

ఇక గని ఊళ్ళ ఏర్పాటు చూడండి. ఇల్లు కంపెనీది. దుకాణము కంపెనీది. డాక్టరు కంపెనీవాడు. చాలాచోట్ల జీతములో కొంత కంపెనీ బిళ్ళల రూపములో ఇచ్చేవారు. ఆ బిళ్ళలు కంపెనీ దుకాణములోనే చెల్లేవి. కొండలు, కొండల క్రింది ఖనిజము చాలావరకు దూరపు నగరములలోని సంస్థల చేతిలో ఉండేవి. భూమి ఎవరిదనే ప్రశ్న అప్పుడు ఎవరినీ అంతగా బాధించలేదు. చేతినిండా పని ఉన్నప్పుడు ఎవరికైనా ఆ ప్రశ్న తోచదు.

1950 తరువాతి పదేండ్లలో ఈ కౌంటీ 27,528 మందిని పోగొట్టుకొన్నది. ఏ తెగులూ రాలేదు, యుద్ధమూ రాలేదు. రైళ్ళు డీజిలుకు మారాయి. ఇండ్లలో చలి కాచుకొనడానికి చమురు, గ్యాసు వచ్చాయి. గనిలో పలువురు చేసే పనిని ఒక యంత్రము చేయసాగినది. 1950 ఒప్పందముతో గని కార్మికుల సంఘము కూడా ఈ యంత్రములకు ఒప్పుకొన్నది. ఉన్నవారికి మంచి జీతము, వైద్యనిధి లభించాయి. పని పోయినవారు మూట సర్దుకొని ఉత్తరాన ఉన్న మోటారు కర్మాగారముల పట్టణములకు పోయారు. ఇందులో ఒకరిని తప్పుబట్టడము తేలిక కాదు. గని క్రింద నలిగిపోయే ప్రాణాలు తగ్గాలని, జీతము పెరగాలని కోరుకోని కార్మికుడెవరు?

1960లో అధ్యక్ష పదవికి పోటీచేస్తూ కెన్నెడీ ఆ రాష్ట్రములో తిరిగి, ఆ గని ఊళ్ళలోని ఆకలిని కండ్లారా చూచాడు. మరుసటి సంవత్సరము, 1961 మే 29న, ఆహార కూపన్ల ప్రయోగాత్మక పథకములో మొట్టమొదటి కూపన్లు ఈ మెక్‌డోవెల్ కౌంటీలోనే ఇచ్చారు. పదిహేనుమంది ఉన్న ఒక కుటుంబము 95 డాలర్ల కూపన్లు తీసుకొన్నది. నేడు దేశమంతటా కోట్లమంది పేదలకు ఆసరాగా ఉన్న పథకము అక్కడ మొదలైనది. దేశములోని పొయ్యిలకు, కొలుములకు బొగ్గు పంపిన కౌంటీలో, బొగ్గు తీసినవాని ఇంటి పొయ్యి వెలగడానికి ప్రభుత్వము కూపన్లు ఇవ్వవలసి వచ్చినది.

1970లలో చమురు ధర పెరిగినందున బొగ్గుకు మళ్ళీ మంచిరోజులు వచ్చాయి. 1970లో 50,666 మంది, 1980లో 49,899 మంది. కాస్త నిలదొక్కుకొన్నట్లే కనిపించినది. తరువాత అమెరికా ఉక్కు పరిశ్రమ దెబ్బతిన్నది. 1986లో గ్యారీ అనే ఊరి దగ్గరి గనులు మూతపడి 1,200కు పైగా ఉద్యోగాలు పోయాయి. 1990 నాటికి జనము 35,233. 2000 నాటికి 27,329. 2010 నాటికి 22,113. ఆ మీదట మనము మొదట చెప్పుకొన్న 19,111. ఈ చివరి లెక్కలో కౌంటీలోని జైళ్ళలో ఉన్న ఖైదీలు కూడా కలిసి ఉన్నారు. అమెరికా జనాభా లెక్కలలో ఖైదీని జైలున్న చోటనే లెక్కిస్తారు.

1900 నాటి జనానికి, 2020 నాటి జనానికి సంఖ్య దాదాపు ఒకటే. అయితే, నాడు వచ్చేవారు పడుచువారు. భార్యాబిడ్డలను తెచ్చుకొని ఇల్లు నిలుపుకొందామని వచ్చారు. నేడు ఐదుగురిలో ఒకరికి పైగా అరవై ఐదేండ్లు దాటినవారు. చదువుకొన్న బిడ్డలు వెళ్ళిపోతారు. కోల్‌వుడ్ అనే గని ఊరిలో పెరిగి, రాకెట్ల మీద మక్కువతో చదివి, అంతరిక్ష సంస్థ నాసాలో ఇంజనీరైన హోమర్ హికమ్ ఆ కౌంటీ బిడ్డే. ఆ కౌంటీ పంపినది బొగ్గు మాత్రమే కాదు.

ఆర్థిక స్థితి చూస్తే, కుటుంబ ఆదాయము దేశపు మధ్యస్థ ఆదాయములో సగము కూడా లేదు. మూడో వంతుకు దగ్గరగా జనము దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నారు. అనేక ఇండ్లు వృద్ధాప్యపు పింఛను మీద, అంగవైకల్యపు భృతి మీద, బొగ్గు ధూళితో ఊపిరితిత్తులు చెడినవారికి 1969 చట్టము వలన లభించే పరిహారము మీద గడుస్తాయి. నొప్పి మాత్రల వ్యసనము, దాని వెంట వచ్చిన మత్తుమందులు ఎందరో యౌవనస్థులను బలిగొన్నాయి. మనుమల పెంపకము అవ్వాతాతల మీద పడిన ఇండ్లు అనేకము. 2010 ప్రాంతములో అక్కడి పురుషుల సగటు ఆయుర్దాయము సుమారు 64 ఏండ్లు. అదే దేశములో, కొన్ని గంటల కారు ప్రయాణములో చేరగల ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో 82 ఏండ్లు. పద్దెనిమిదేండ్ల ఆయుష్షు తేడా!

2001లో, 2002లో, మళ్ళీ 2025 ఫిబ్రవరిలో వరదలు వచ్చి ఆ లోయలను ముంచివేశాయి. 2016 జనవరిలో కింబాల్‌లోని పెద్ద వాల్‌మార్ట్ దుకాణము మూతపడినది. దానితో ఉద్యోగాలు పోయాయి; సరుకుల కోసము కొండదారులలో చాలా దూరము పోవలసి వచ్చినది. ఆ దుకాణము ఇచ్చే ఆహారము మీద చాలావరకు ఆధారపడిన ఒక అన్నదాన నిలయము కూడా చిక్కులో పడినది. ఆ నిలయము పేరు 'ఐదు రొట్టెలు, రెండు చేపలు'. ఆ పేరు వెనుక కథ ఈ సభలో ఎవరికీ చెప్పనక్కరలేదు. దానిని నడిపేవారు తలుపు మూయలేదు.

ఇన్ని కష్టాలుంటే అక్కడివారు ఎందుకు వెళ్ళిపోరని అడిగేవారున్నారు. ఇల్లు అమ్ముదామంటే కొనేవాడు లేడు. అంతకన్నా, తలిదండ్రుల సమాధులు ఆ కొండమీదే ఉన్నవి. ఇరుగుపొరుగు ఆపదలో వచ్చే చోటు అది. ఉపాధ్యాయుల కొరత తీర్చడానికి, పిల్లలకు ఆరోగ్యము, చదువు అందించడానికి 2011లో ప్రభుత్వ, ప్రైవేటు సంస్థలు కలిసి ఒక ప్రయత్నము ప్రారంభించాయి. కొండదారులలో మోటారు బండ్లు నడుపుకొనడానికి వచ్చే యాత్రికుల వలన కొందరికి బ్రతుకుతెరువు దొరుకుతున్నది. బొగ్గు కూడా పూర్తిగా ఆగలేదు. ఉక్కుకు పనికివచ్చే బొగ్గు ఇంకా తీస్తున్నారు. పనివారు మాత్రము కొద్దిమందే.

మన ఇండ్లలో అనేకుల బిడ్డలు నేడు అమెరికాలో ఉన్నారు. ఆ దేశమంటే మనకు తెలిసినది వారి ఉత్తరాలు, ఫోటోలు, ఫోనులో మాటలు. వారు చెప్పినది అబద్ధము కాదు. మెక్‌డోవెల్ కూడా ఆ దేశములోనే ఉన్నది.

ఏ ఊరి లెక్కలు చూచినా ఎంతమంది ఉన్నారని అడుగుతాము. ఇంకా మూడు ప్రశ్నలు అడగమని నా మనవి. ఇక్కడి నేల ఎవరిది? ఇక్కడ పుట్టిన సంపద ఎక్కడికి పోతున్నది? ఇక్కడ ఉన్నవారు ఏ వయసువారు? 1950లో మెక్‌డోవెల్ వీధులు జనముతో కిటకిటలాడినప్పుడు ఈ ప్రశ్నలు అడిగి ఉంటే, గనులు పనిచేస్తూ ఉండగానే కొంత సంపద పాఠశాలలకు, మంచినీటికి, మరొక వృత్తికి మిగిలి ఉండేది. నష్టము వచ్చిన తరువాత లెక్క వ్రాసుకొనడము సులభము. చేతిలో ఉన్నప్పుడు లెక్క చూచుకొనడము కష్టము. ఆ కష్టము పడని వారి బాకీ వారి మనుమలు తీర్చవలసి వస్తుంది.